మొగిలి ఘాట్‌లో ఆగిపోయిన ఇండికా డీజిల్: ఇంజన్ విప్పే ముందు, విప్పిన తర్వాత

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. మీ నాన్నగారి 2007 మోడల్ ఇండికా వీ2, టర్బో లేని మామూలు డీజిల్, 2 లక్షల 30 వేల కిలోమీటర్లు తిరిగిన బండి. చిత్తూరు నుంచి పలమనేరు పోతూ మొగిలి ఘాట్‌లో మామిడి లారీల వెనక ఏసీ వేసుకుని రెండో గేర్లో ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయింది. కాసేపటికి దానంతట అదే కిందికి దిగింది. హమ్మయ్య, తగ్గింది అనుకుని ఇంకో రెండు కిలోమీటర్లు లాగారు, దడదడమని కొట్టుకుని ఆగిపోయింది. రెండు బాటిళ్ల నీళ్లు పోశారు. అరగంటకి స్టార్టయింది కానీ తెల్ల పొగ, మూడు సిలిండర్ల మీదే నడిచినట్టు వణుకు, కొంతదూరం పోయి మళ్లీ ఆగింది. ఇప్పుడు సెల్ఫ్ కొడితే 'టక్' అని ఒక్క దెబ్బ కొట్టి నిలబడిపోతోంది. ఆయిల్ టీ రంగుకి తిరిగింది. ఒక మెకానిక్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ దాని మీద కూర్చునే హెడ్‌కీ మధ్య వేసే పలక) మారిస్తే చాలు, ఎనిమిది వేలు అన్నాడు, ఇంకొకాయన ఇంజన్ పోయింది, సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేద్దాం, నలభై ఐదు వేలు అన్నాడు. బండి పన్నెండు రోజులుగా ఇంటిముందు ఉంది, ఎవరి మాట వినాలి అని అడిగావు.

ఇప్పటికి ఇద్దరి మాటా వినొద్దు. ఇద్దరూ గేజ్ పెట్టకుండా రేటు చెప్పారు. నేను తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు షెడ్డు పెట్టి ఇరవై ఏడేళ్లయింది, ఎక్కువగా డీజిల్ పనే చేశాను. కొలవకుండా చెప్పిన రేటు ఒక్కసారి కూడా చివరిదాకా నిలబడలేదు.

అన్నిటికంటే ముందు, ఈ నిమిషం నుంచి సెల్ఫ్ కొట్టడం ఆపేయ్. మీ ఇంట్లో వాళ్లెవరూ 'ఒకసారి చూద్దాం' అని తాళం తిప్పకుండా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పెట్టు. ఎందుకో చెప్తాను, ఇది అర్థమైతే సగం రిపేర్ అర్థమైనట్టే. నీ ఇంజన్ 1405 సీసీ, నాలుగు సిలిండర్లు, అంటే ఒక్కో సిలిండర్ 351 సీసీ. కంప్రెషన్ రేషియో దాదాపు 22. పిస్టన్ పైకి వచ్చేసరికి ఆ 351 సీసీ గాలి అంతా 17 సీసీ కూడా లేని చోట్లోకి నొక్కుకుపోవాలి. ఒక టేబుల్ స్పూను అంటే 15 సీసీ. అంటే ఒకటిన్నర టేబుల్ స్పూన్ల నీళ్లు సిలిండర్‌లో ఉంటే పిస్టన్‌కి పైకి రావడానికి చోటే లేదు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సెల్ఫ్ మోటార్ బలంగా ఉండి, పిస్టన్ కింద నుంచి ఊపు మీద వస్తే వంగేది కనెక్టింగ్ రాడ్, అంటే పిస్టన్‌ని కింద తిరిగే క్రాంక్ ఇరుసుకి కలిపే కడ్డీ. నువ్వు చెప్పిన ఆ 'టక్' శబ్దం నాకు నీళ్ల మీద పిస్టన్ ఆగినట్టే వినిపిస్తోంది. 2003లో నా చేతిలోనే ఒక జెన్ డీజిల్‌కి ఇలా జరిగింది. నీళ్లు ఉన్నాయేమో అని చూడకుండా కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాను, మూడో సిలిండర్ రాడ్ వంగింది. గ్యాస్కెట్‌తో పోయే పనికి ఇంజన్ మొత్తం దించాల్సి వచ్చింది, ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆ రాడ్ ఇప్పటికీ షెడ్డు గోడకి మేకుకి వేలాడుతుంది, పనిలో కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడి చేతికీ మొదటి రోజు అదే ఇస్తాను.

రెండో సంగతి, ముల్లు కిందికి దిగడం. ఇది చాలామందిని మోసం చేస్తుంది, మీ నాన్నగారి తప్పేం లేదు. ముల్లుని ఆడించే సెన్సార్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెప్తుంది. నీళ్లు మరిగి బయటికి పోయాక సెన్సార్ చుట్టూ ఉండేది ఆవిరీ గాలీ, అది లోహానికి ఉన్న వేడిని సరిగ్గా అందుకోలేదు, ముల్లు పడిపోతుంది. కాబట్టి ముల్లు దిగింది అంటే చల్లబడిందని కాదు, నీళ్లు అయిపోయాయని. ఆ తర్వాతి రెండు కిలోమీటర్లు ఘాట్ ఎక్కుతూ, లోడ్ మీద, నీళ్లు లేకుండా నడిచింది. ఆ మీదట కాలిన ఇంజన్ మీద చన్నీళ్లు పడ్డాయి. అందుకే ఎనిమిది వేల గ్యాస్కెట్ మాట నేను నమ్మను. గ్యాస్కెట్ పోయింది, నిజమే, కానీ దానితో పాటు ఇంకేం పోయాయో చూడకుండా గ్యాస్కెట్ ఒక్కటే వేస్తే రెండు నెలల్లో మళ్లీ ఇదే చోటికి వస్తావు. అలాగని ఇంజన్ మొత్తం పోయిందని కూడా ఇప్పుడే ఒప్పుకోను. ఇంతకంటే ఘోరంగా కాలినవి నిలబడ్డాయి.

ఇప్పుడు చేయాల్సింది. చలిలో స్టార్ట్ కావడానికి సిలిండర్లని వేడిచేసే నాలుగు హీటర్ ప్లగ్‌లూ ఊడదీయించు. పన్నెండు రోజులు నీళ్లలో ఉన్నాయి కాబట్టి మొండిగా ఉంటాయి, ముందురోజు రాత్రి తుప్పు వదిలే స్ప్రే కొట్టి పెట్టండి, బలం పెడితే అల్యూమినియం హెడ్‌లోనే విరిగిపోతాయి. తర్వాత వాల్వులనీ పిస్టన్లనీ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్ట్ కవర్ తీసి బెల్ట్ చూడండి, పళ్లు ఊడాయా, జారిందా, గుర్తులు కలుస్తున్నాయా అని. ఈ ఇంజన్‌లో బెల్ట్ జారితే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగుతాయి, కాబట్టి బెల్ట్ చూడకుండా ఒక్క చుట్టు కూడా తిప్పొద్దు. బెల్ట్ సరిగ్గా ఉంటే క్రాంక్ పుల్లీ బోల్ట్‌కి సాకెట్ పెట్టి, ఇంజన్ తిరిగే దిక్కులోనే, చేత్తో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పు. నీళ్లు ఉంటే హీటర్ ప్లగ్ రంధ్రంలోంచి బుసబుసమని పొంగి వస్తాయి. ఏ సిలిండర్‌లోంచి వచ్చాయో సుద్దముక్కతో రాసి పెట్టుకో, అది తర్వాత చాలా పనికొస్తుంది. తిరగకపోతే బలవంతం చేయొద్దు, ప్రతి రంధ్రంలో కొద్దిగా డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి ఒక రాత్రి నాననివ్వండి, తుప్పుకి పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పట్టుకుని ఉంటే వదులుతాయి. నానిన తర్వాత కూడా రంధ్రాలు తెరిచి ఉంచే తిప్పాలి. ఇది ఈ వారంలోనే చేయించు. బోర్, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం, దాని గోడల మీద నీళ్లు ఉన్న ప్రతి రోజూ తుప్పు లోపలికి దిగుతూనే ఉంటుంది.

తర్వాత ఆయిల్. డ్రెయిన్ బోల్ట్ ఒక్కసారిగా ఊడదీయకుండా కొద్దిగా వదులు చేయండి. బండి కదలకుండా ఇన్ని రోజులు ఉంది కదా, కలవని నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుక్కి చేరి ముందు అవే వస్తాయి. వాటిని ఒక తెల్ల బాటిల్‌లో పట్టి ఎన్ని వచ్చాయో చూడు. గ్లాసుడు వచ్చిందా, లీటరు వచ్చిందా అన్నది పెద్ద తేడా. మిగతా ఆయిల్ శుభ్రమైన బేసిన్‌లో పట్టండి.

ఇక ఆయిల్ ఫిల్టర్, దీన్ని పారేయనివ్వొద్దు. నేనైతే డబ్బాని హాక్సా బ్లేడుతో కోయను, రంపపు పొడి లోపల పడి అయోమయం చేస్తుంది, కట్టర్‌తో చుట్టూ కోస్తాను. లోపలి కాగితాన్ని బ్లేడుతో కోసి, రెండు చెక్కల మధ్య పెట్టి వైస్‌లో పిండి, స్టీలు కంచంలో విసనకర్రలా మడతలు విప్పి ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూడాలి. మడతల్లో సన్నటి మెరుపులు కనబడతాయి. అయస్కాంతం తెచ్చి కాగితం కింద జరిపితే దాని వెంట కదిలేది ఇనుము, అంటే రింగులో బోరో వాల్వులని తెరిచే కామ్‌షాఫ్టో. కదలకుండా తెల్లగా పొరల్లా ఉంటే అల్యూమినియం, పిస్టన్ గీసుకుపోయింది. రాగి రంగు తళుకు కనబడితే క్రాంక్ తిరిగే చోట ఉండే సన్న రేకు, అంటే బేరింగ్ షెల్ పైపొర పోయి లోపలి పొర వచ్చేసిందని. ఆ కంచంలో రాగి రంగు కనబడిన రోజు, హెడ్ సంగతి ఎలా ఉన్నా సరే, ఇంజన్ కిందికి దించాల్సిందే. ఈ పనికి పది నిమిషాలు పడుతుంది, రూపాయి ఖర్చు లేదు. చేసే షెడ్డులు చాలా తక్కువ, అదే నాకు బాధ.

చేత్తో సాఫీగా తిరిగితే కంప్రెషన్ చూడొచ్చు. పెట్రోల్ బండికి వాడే గేజ్ కాదు, అది ఒత్తిడి కొలతలో 300 పీఎస్‌ఐ దగ్గర అయిపోతుంది. డీజిల్ గేజ్ 1000 దాకా ఉంటుంది, హీటర్ ప్లగ్ రంధ్రానికి సరిపోయే అడాప్టర్ ఉండాలి. పంపు మీద డీజిల్ కటాఫ్ వైరు ఊడదీసి (అప్పుడు ఇంజన్‌కి డీజిల్ అందదు), మంచి బ్యాటరీ పెట్టి, ఒక్కో సిలిండర్ చూడాలి. ఈ రకం ఇంజన్‌కి 400 పీఎస్‌ఐ, ఆ పైన వస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు. 300 కిందికి పోతే చలిలో స్టార్ట్ కావడమే కష్టం. అసలు అంకె కంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోయి, మిగతా రెండూ బాగుంటే గ్యాస్కెట్ ఆ రెండింటి మధ్య తెగింది. ఒక్కటే పడిపోతే వాల్వో, పగులో, పిస్టనో. నాలుగూ సమానంగా తక్కువుంటే బోర్ అరిగింది. కొంతమంది ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు, అది పెరిగితే రింగులు పోయాయని. పెట్రోల్ బండికి అది సరే. డీజిల్‌కి నేను పైన చెప్పిన ఆ 17 సీసీ లెక్క గుర్తు పెట్టుకో, నాలుగు చుక్కలు ఎక్కువైతే చోటు తగ్గిపోయి ఉత్తినే కంప్రెషన్ పెరిగినట్టు చూపిస్తుంది, ఇంకా ఎక్కువైతే రాడ్‌కే ప్రమాదం.

ఇక హెడ్ విప్పాక. బోల్టులు బయటి నుంచి మధ్యకి, ఒక్కోసారి కొద్దికొద్దిగా వదులు చేయాలి, అది కూడా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. పాత గ్యాస్కెట్ చింపి పారేయకుండా ఫొటో తీసి పెట్టు, నిప్పు దాటిన చోట నల్లటి దారి కనబడుతుంది. నీళ్లు వచ్చిన సిలిండర్‌లో పిస్టన్ తల ఆవిరికి కడిగినట్టు శుభ్రంగా మెరుస్తుంటుంది, మిగతావి మసి పట్టి ఉంటాయి. సుద్దతో రాసిన నంబరుతో పోల్చుకో.

హెడ్‌ని స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో పొడవునా, అడ్డంగా, రెండు మూలల నుంచి చూడాలి. 0.05 మిల్లీమీటరు ఆకు దూరకపోతే చాలా మంచిది, 0.10 దూరితే ఫేసింగ్ కావాలి, అంటే ఆ ముఖాన్ని మిషన్ మీద చెక్కి సమం చేయించాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, 'ఫేసింగ్ కొట్టించాం, సమానమైంది' అని. అల్యూమినియం హెడ్ వంగితే కింది ముఖం ఒక్కటే వంగదు, అరటిపండులా మొత్తం వంగుతుంది. కామ్‌షాఫ్ట్ కూర్చునే లైన్ కూడా వంగి ఉంటుంది. కింద ఎంత ఫేసింగ్ కొట్టినా పైన కామ్ బిగుసుకునే తిరుగుతుంది, కొన్నాళ్లకి కామ్ విరగడమో బెల్ట్ తెగడమో జరుగుతుంది. వాల్వులు లేకుండా కామ్ ఒక్కటే పెట్టి క్యాప్‌లు బిగించి వేళ్లతో తిప్పి చూడండి, వేళ్లకి సాఫీగా తిరగాలి. తిరగకపోతే ఆ హెడ్‌ని నిటారు చేయగల షాపుకి ఇవ్వాలి, లేదా వేరే హెడ్ చూసుకోవాలి. ఇంకోటి, ఎక్కువ కాలిన అల్యూమినియం మెత్తబడిపోతుంది. పైకి చక్కగా ఉంటుంది, బోల్ట్ బిగిస్తే కింద వాషర్ లోపలికి దిగిపోతుంది, గ్యాస్కెట్ మళ్లీ మళ్లీ పోతుంది. బోల్ట్ తలలు కూర్చునే చోట గుంటలు పడి ఉంటే అనుమానించాల్సిందే. హార్డ్‌నెస్ చూసే మిషన్ ఉన్న షాపులో చూపించి తీరాలి.

ప్రెషర్ టెస్ట్ తప్పదు. నీళ్ల దారులన్నీ ప్లేట్లు, రబ్బర్లతో మూసి, వేడినీళ్ల తొట్టిలో ముంచి గాలి ఎక్కిస్తారు. వేడినీళ్లే కావాలి, చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే పగులు వేడికే తెరుచుకుంటుంది. వాల్వ్ సీట్ల మధ్య వెంట్రుకంత గీత కనబడగానే హెడ్ పారేయమంటారు కొందరు, ఈ రకం డీజిల్ హెడ్‌లలో పైపైన అలాంటి గీతలు ఉంటాయి, బుడగ వచ్చిందా లేదా అన్నదే తీర్పు. ఒకసారి ఒక ఇంజనీరింగ్ షాపువాళ్లు 'టెస్ట్ చేశాం, బాగుంది' అని హెడ్ ఇచ్చారు, నేను నమ్మి వేశాను, వారానికి బండి మళ్లీ ఆవిరి కక్కుతూ వచ్చింది. అప్పటి నుంచి తొట్టి పక్కన నేనే నిలబడతాను. నువ్వూ నిలబడు. ఫేసింగ్ ఎంత కొట్టారో కూడా రాయించుకో. హెడ్ తగ్గినకొద్దీ వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి, సీట్లు అంతమేరా లోపలికి దింపాలి, హెడ్‌లో మంట మొదలయ్యే చిన్న చాంబర్ కప్పులు కూడా ముఖానికి సమంగా ఉన్నాయో లేదో చూడాలి.

కింద బ్లాక్‌లో బోర్ చూద్దాం. నీళ్లు లేకుండా నడిచిన ఇంజన్‌లో పిస్టన్ ఉబ్బి గోడకి రాసుకుంటుంది, నిలువు గీతలు పడతాయి. గోరు తగిలి ఆగితే గీత లోతుగా ఉన్నట్టే, గోడని పైపైన సాన పట్టే హోనింగ్‌తో పోదు. బోర్ గేజ్ లేని షెడ్డులోనైనా చేయగల కొలత ఒకటుంది. కొత్త రింగు ఒకటి తెచ్చి బోర్‌లో పెట్టి, పిస్టన్ తలతో సమంగా నెట్టి, పైభాగంలో రింగు తిరిగే చోట గ్యాప్ కొలవాలి, తర్వాత అరగని అడుగుభాగంలోకి నెట్టి మళ్లీ కొలవాలి. రెండు గ్యాప్‌ల తేడాని 3.14తో భాగిస్తే బోర్ పైన ఎంత అరిగిందో వస్తుంది. ఉదాహరణకి పైన 0.75, కింద 0.40 ఉంటే తేడా 0.35, అంటే బోర్ 0.11 మిల్లీమీటర్లు అరిగింది. అంత అరిగాక కొత్త రింగులు వేసి మూయడం డబ్బు దండగ, బోర్ పెద్దది చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లో, సిలిండర్ లోపల కొత్త గొట్టం (లైనర్) దించడమో చేయించాల్సిందే. ముందు పిస్టన్లు కొని, వాటిని లేత్ షాపులో చేతికిచ్చి, ఆ పిస్టన్లని కొలిచి బోర్ కొట్టమనాలి. 'మీరు కొట్టి పెట్టండి, పిస్టన్లు తర్వాత తెస్తాం' అంటే కుదరదు.

పిస్టన్లు తీసే ముందే ఇంకో కొలత. ఒక్కో పిస్టన్‌ని పైకి తెచ్చి, డయల్ గేజ్‌తో బ్లాక్ ముఖం మీద ఎంత ఎత్తు వచ్చిందో రాయండి. నాలుగూ దాదాపు ఒకటే రావాలి. ఒకటి మాత్రం మిగతావాటికంటే కిందే ఆగిపోతే దాని రాడ్ వంగింది, నువ్వు 'టక్' మనిపించినప్పుడు జరిగింది అదే. చూపుకి దొరకని వంకర ఈ గేజ్‌కి దొరుకుతుంది.

బేరింగ్‌ల దగ్గర నేను మొండిగా ఉంటాను. ఆయిల్ టీ రంగుకి తిరిగిన ఇంజన్ కొంతదూరం నడిచింది అని నువ్వే రాశావు. నీళ్లు కలిసిన ఆయిల్ లోహాల మధ్య పొర నిలపలేదు. కాబట్టి హెడ్ పని ఒక్కటే తేలినా సరే, ఆయిల్ ఛాంబర్ విప్పి కనీసం రెండు బిగ్ ఎండ్ క్యాప్‌లు (రాడ్‌ని క్రాంక్‌కి పట్టి ఉంచేవి), ఒక మెయిన్ క్యాప్ (క్రాంక్‌ని బ్లాక్‌కి పట్టి ఉంచేది) తీసి షెల్స్ చూడాలి. బూడిద రంగులో నున్నగా ఉంటే మంచిది. గీతలు, రాగి రంగు, పొర లేచిన చోట్లు ఉంటే క్రాంక్ దించి మైక్రోమీటర్ పెట్టాలి. క్రాంక్ గ్రైండింగ్ చేయిస్తే అండర్‌సైజ్ షెల్స్ దానికి తగ్గవి, క్రాంక్ 0.25 మిల్లీమీటర్లు తగ్గిస్తే షెల్స్ కూడా 0.25వే. గ్రైండింగ్ నుంచి వచ్చిన క్రాంక్‌లో ఆయిల్ దారుల్లో రాతిపొడి నిండి ఉంటుంది, ప్రతి రంధ్రంలోంచి సన్న బ్రష్ పోనిచ్చి, డీజిల్‌తో కడిగి, గాలి కొట్టాలి. ఈ ఒక్క పని ఎగ్గొట్టి కొత్త షెల్స్ పోగొట్టుకున్న ఇంజన్లని నేను చేతులతో విప్పాను.

ఇంత చెప్పాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఎందుకు కాలింది? ఇది కనుక్కోకపోతే కొత్త ఇంజన్ తెచ్చి పెట్టినా వచ్చే మామిడి సీజన్‌కి మొగిలి దగ్గరే నిలబడతావు. రేడియేటర్‌లో ఏ నీళ్లు పోస్తున్నారని అడిగితే 'ఇంట్లో బోరు నీళ్లు' అనే చెప్తారు చాలామంది. మన వైపు బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూడు, తెల్లటి సున్నం పొర కట్టి ఉంటుంది. అదే పొర రేడియేటర్ సన్న గొట్టాల్లో కడుతుంది. ఊళ్లో తిరిగితే తెలియదు, ఘాట్‌లో రెండో గేర్, లోడ్, ఏసీ, ఎదురుగాలి తక్కువ, అప్పుడు బయటపడుతుంది. ఇన్నేళ్ల పాత రేడియేటర్‌ని కడిగించడం కంటే మార్చడమే నా మాట. ఫ్యాన్ సరైన వేడికి ఆన్ అవుతోందా, ఏసీ వేస్తే తిరుగుతోందా చూడాలి. రేడియేటర్ మూత గురించి ఎవరూ పట్టించుకోరు, అది 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా 118 దగ్గర మరుగుతాయి. రబ్బరు పోయిన మూత అంటే ఆ పద్దెనిమిది డిగ్రీలూ పోయినట్టే. ఇంజన్‌లో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని తలుపు) ఉందా లేదా చూడు. మన దగ్గర వేడి అని తీసి పారేస్తారు. అది తప్పు, డీజిల్ ఇంజన్ చల్లగా నడిస్తే బోర్ తొందరగా అరుగుతుంది, కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిలో తిరిగి ఇంకా వేడెక్కుతాయి కూడా. ఇక నుంచి డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగంసగం, బోరు నీళ్లు చుక్క కూడా వద్దు.

మరి సొంత ఇంజనా, సెకండ్ హ్యాండ్ ఇంజనా? బ్లాక్ పగలకుండా ఉండి, క్రాంక్ ఒక సైజు గ్రైండింగ్‌తో నిలబడితే నేను సొంత ఇంజనే కట్టమంటాను. లోపల ఏముందో కళ్లారా చూసింది అదొక్కటే. సెకండ్ హ్యాండ్ అంటే అది కూడా ఎవరిదో ఘాట్‌లో కాలిందో ఏమో. బ్లాక్ పగిలితే తప్పదు, అప్పుడు చల్లగా ఉన్న ఇంజన్ నీ ముందే స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత తీసి పొగ ఎంత తంతోందో చూసి, కంప్రెషన్ కొలిచి, అప్పుడు డబ్బివ్వు. ఇంజన్ మారిస్తే నంబరు మారుతుంది, ఆర్సీలో ఎక్కించాలి, కాబట్టి అమ్మినవాళ్ల బిల్లు, పాత బండి కాగితాలు లేకుండా తీసుకోవద్దు. అన్నట్టు ఖర్చు పెట్టే ముందు మీ ఆర్సీ తేదీ చూసుకో. పదిహేనేళ్లు దాటాక రెన్యువల్ ఐదేళ్లకే ఇస్తారు, 2022లో చేయించి ఉంటే 2027 దాకానే, మళ్లీ ఫిట్‌నెస్‌కి పోవాలి. అంతకాలం బండి ఉంచుకుంటారా అని మీ నాన్నగారితో కూర్చుని మాట్లాడు.

బిగించేటప్పుడు ఒకటి రెండు మాటలు. గ్యాస్కెట్ మందం పిస్టన్ ఎత్తుని బట్టి తీసుకోవాలి, పాతదాని లాంటిది తెచ్చి వేయడం కాదు. హెడ్ బోల్టులు కొత్తవే వేయండి. బ్లాక్‌లో బోల్ట్ రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ నిలిచి ఉంటే బిగించినప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకే పగులుతుంది, గాలి కొట్టి తుడిచి ఆరబెట్టాలి. మధ్య నుంచి బయటికి, మూడు నాలుగు విడతల్లో, టార్క్ రెంచ్‌తో. చేతి అందాజుతో బిగించేవాళ్లని నేను గౌరవిస్తాను, కానీ అల్యూమినియం హెడ్ దగ్గర ఆ అందాజు పనికిరాదు. బెల్ట్, టెన్షనర్ కొత్తవి. డీజిల్ చిమ్మే నాజిళ్లు టెస్ట్ చేయించకుండా వేయొద్దు, చుక్కలు కార్చే నాజిల్ కొత్త పిస్టన్ తలకి రంధ్రం పెడుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు డీజిల్ కటాఫ్ వైరు ఊడదీసి, ఆయిల్ లైట్ ఆరేదాకా విడతలు విడతలుగా సెల్ఫ్ తిప్పండి. గాలి వెళ్లే గొట్టం దగ్గర ఒక మనిషి చెక్కపలక పట్టుకుని నిలబడాలి. బోర్‌లో, మానిఫోల్డ్‌లో మిగిలిన ఆయిల్ మీద డీజిల్ ఇంజన్ తాళం తీసినా ఆగకుండా పరుగెత్తవచ్చు, అప్పుడు గాలి మూసేస్తే ఆగుతుంది. చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు. స్టార్టయ్యాక కేబిన్ హీటర్ వేడి వైపు తిప్పి పెట్టి కూలింగ్ లైన్‌లో గాలి పోయేదాకా చూడండి. 15డబ్ల్యు-40 ఆయిల్ వేసి, 500 కిలోమీటర్లకే తీసేసి, ఆ ఫిల్టర్‌ని కూడా కోసి కంచంలో పరిచి చూడు. మొదటి వెయ్యి కిలోమీటర్లు టాప్ గేర్లో మూలిగించొద్దు, అలాగని గంటలకొద్దీ ఐడ్లింగ్‌లో కూడా వదలొద్దు.

మళ్లీ మొగిలి ఎక్కేటప్పుడు ముల్లు సగం దాటితే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టండి, అదీ ఒక చిన్న రేడియేటరే. ఇంకా పెరుగుతుంటే పక్కకి తీసి ఇంజన్ కాసేపు ఐడ్లింగ్‌లో ఉంచి తర్వాత ఆపండి. ముల్లు ఒక్కసారిగా పడిపోతే మాత్రం అక్కడికక్కడే ఆపేయాలి. ముప్పావుగంట దాకా మూత ముట్టుకోవద్దు, నీళ్లు పోయొద్దు.

నాలుగు సిలిండర్ల కంప్రెషన్, నీళ్లు ఏ నంబరులోంచి వచ్చాయి, ఫిల్టర్ కాగితం ఫొటో, ఈ మూడూ పెట్టు. అవి చూసి ఇంజన్ దించాలా, హెడ్‌తో పోతుందా నేను చెప్తాను.